కనబడని పులుల లెక్క

పులుల లెక్కలు నాలుగేళ్లకోసారి వస్తాయి. వచ్చిన మర్నాడు పేపర్లో పెద్ద అక్షరాలతో ఒక అంకె పడుతుంది. 2022 లెక్కల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 63, తెలంగాణలో 21. అంతకుముందు 2018లో 48, 26. ఇక్కడ పెరిగాయి, అక్కడ తగ్గాయి అని రెండ్రోజులు టీవీల్లో చర్చ, మూడో రోజుకు అందరూ మర్చిపోతారు. మాది నల్లమల పక్క ఊరు, పైగా నేను డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్తాను కాబట్టి ఆ రెండ్రోజులూ టీకొట్టు దగ్గర ఎవరో ఒకరు నన్ను పట్టుకుంటారు. "సార్, అడవంతా తిరిగి నిజంగా లెక్కపెట్టారంటారా? 63 అంటే 63యేనా, 64 కాదా?"

లెక్కపెట్టలేదు. అది కుదిరే పని కాదు. నాగార్జునసాగర్-శ్రీశైలం టైగర్ రిజర్వు, 2014లో రాష్ట్రం విడిపోయాక తెలంగాణ వైపు అమ్రాబాద్ టైగర్ రిజర్వుగా వేరుపడిన భాగం, రెండూ కలిపితే దాదాపు 6 వేల చదరపు కిలోమీటర్లు. అందులో గుట్టలు, లోయలు, మధ్యలో కృష్ణ. పెద్దపులేమో మనిషి అలికిడి తగిలితే పక్కకు తప్పుకునే జంతువు. బేస్ క్యాంపుల్లో ఏళ్ల తరబడి పనిచేస్తూ కూడా పులిని కళ్లారా చూసింది ఒకట్రెండు సార్లే అని చెప్పే వాచర్లు నాకు తెలుసు. మరి ఆ 63 ఎక్కణ్ణుంచి వచ్చింది? ఈ పోస్టు దాని గురించే. కొంచెం లెక్కలుంటాయి గానీ భయపడకండి, గుణకారం భాగహారం వస్తే చాలు.

అసలు చిక్కు ఎక్కడుందంటే, మనకు కనబడిన వాటి సంఖ్య ఒక్కటే మన చేతిలో ఉంటుంది. పొద్దున్నే వాగు పక్కన నడుస్తుంటే 10 దుప్పులు కనిపించాయనుకోండి. అక్కడ 20 ఉండి సగం కనిపించాయా, 100 ఉండి పదోవంతే కనిపించాయా? ఆ 10 అనే అంకెను ఎంతసేపు చూసినా తేలదు. పోనీ వచ్చే ఏడాది అదే చోట 15 కనిపించాయి, దుప్పులు పెరిగినట్టేనా? ఆ ఏడు వానలు తక్కువై గడ్డి ఎండిపోయి చూపు దూరం ఆనిందేమో, అందుకే ఎక్కువ కనబడ్డాయేమో. కాబట్టి జంతువులు ఎన్ని అన్న ప్రశ్న కంటే ముందు తేల్చాల్సింది ఇంకొకటుంది, ఉన్నవాటిలో ఎంత వంతు మన కంటబడుతోంది అనేది. నా దృష్టిలో ఈ సబ్జెక్టు మొత్తం ఆ వంతును పట్టుకోడానికి పడే పాట్లే. ఆ వంతు చెప్పకుండా అంకె చెప్పేవాళ్లను నేను నమ్మను, వాళ్లు ఎంత పెద్ద ఆఫీసర్లయినా సరే.

మన దేశంలో చాలాకాలం ఈ వంతు గోల లేకుండానే నడిచింది. 1960ల్లో ఒడిశా అటవీ అధికారి ఎస్.ఆర్. చౌదరి పాదముద్రల పద్ధతి తీసుకొచ్చారు. సిబ్బంది అడవి బాటల వెంట తిరగడం, పులి అడుగు కనిపిస్తే దానిమీద గాజుపలక పెట్టి గీసుకోవడం, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోసి అచ్చు తీయడం, తర్వాత అన్నీ ఒకచోట పోసి ఇది ఫలానా పులిది, ఇది ఇంకోదానిది అని విడదీయడం. ఏ అడుగు ఏ పులిదో మనం తప్పు లేకుండా గుర్తుపట్టగలం, ఉన్న ప్రతి పులి అడుగూ మనకు దొరికింది అన్న రెండు నమ్మకాల మీద ఇదంతా నిలబడింది. రెండూ నిలవవు. ఒకే పులి తడి ఇసుకలో వేసిన అడుగు ఒకలా, దుమ్ములో వేసింది ఇంకోలా ఉంటుంది, గీసే చెయ్యి మారితే గీత మారుతుంది. ఎన్ని అడుగులు దొరకలేదో చెప్పే దారి ఆ పద్ధతిలో అసలు లేదు. 1972లో దేశం మొత్తానికి 1,827 అన్నారు, మరుసటి ఏడే ప్రాజెక్ట్ టైగర్ మొదలైంది. 2002కి వచ్చేసరికి 3,642 అన్నారు.

ఆ తర్వాత సరిస్కా. రాజస్థాన్‌లోని ఆ టైగర్ రిజర్వులో 2004 రికార్డుల్లో 16 నుంచి 18 పులులున్నాయి. 2005లో వెతికితే ఒక్కటి కూడా లేదు. వేటగాళ్లు తీసుకుపోయారు, రిజిస్టర్లో మాత్రం పులులు బతికే ఉన్నాయి. దేశమంతా గొడవైంది, సునీతా నారాయణ్ అధ్యక్షతన టైగర్ టాస్క్ ఫోర్స్ వేశారు, పాదముద్రల పద్ధతి పోయింది. 2006లో కొత్త పద్ధతిలో వచ్చిన అంకె 1,411.

అప్పుడు చాలామంది 3,642లోంచి 1,411 తీసేసి నాలుగేళ్లలో రెండు వేల పైచిలుకు పులులు చచ్చిపోయాయన్నారు. పులులు తగ్గిన మాట నిజమే, సరిస్కానే సాక్ష్యం. కానీ ఆ తీసివేత మాత్రం అర్థం లేనిది. మొదటి అంకెలో ఎంత తప్పుందో ఎవరికీ తెలియదు, కొలబద్దే మారిపోయింది. ఈ తీసివేత జబ్బు ఇప్పటికీ పోలేదు, మళ్లీ చివర్లో దాని దగ్గరికే వస్తాను.

సరే, కనబడని వాటిని లెక్కలోకి తెచ్చేదెలా? ఉపాయం పాతదే. 1802లో ఫ్రాన్స్ జనాభా కట్టడానికి అక్కడి గణిత శాస్త్రవేత్త లాప్లాస్ ఇలాంటి పనే చేశాడు. దేశం మొత్తం మీద పుట్టుకల రిజిస్టర్లు ఉన్నాయి గానీ జనాభా లెక్కలు లేవు. కొన్ని ప్రాంతాల్లో మాత్రం మనుషుల్ని లెక్కపెట్టించి, అక్కడ ఒక్కో పుట్టుకకు ఎంతమంది జనం వస్తున్నారో చూశాడు, 28 చిల్లర వచ్చింది. దాంతో దేశం పుట్టుకల్ని గుణించి 2 కోట్ల 80 లక్షల పైన అన్నాడు. తర్వాత 1890ల్లో డెన్మార్క్‌లో పీటర్సన్ చేపలకు బిళ్లలు కట్టి వదిలి మళ్లీ పట్టించాడు, 1930లో అమెరికాలో లింకన్ బాతుల కాళ్లకు వేసిన రింగులు వేటగాళ్ల దగ్గర్నుంచి ఎన్ని తిరిగొచ్చాయో చూసి బాతుల సంఖ్య కట్టాడు. అందుకే దీన్ని లింకన్-పీటర్సన్ పద్ధతి అంటారు.

పులులతోనే చూద్దాం. అంకెలు నేను కల్పించినవి. అడవి బాటల పక్కన, ఏదైనా కదిలితే తమంతట తామే ఫొటో తీసే కెమెరాలు పెడతారు. మొదటి విడతలో ఆ కెమెరాలకు 20 వేర్వేరు పులులు పడ్డాయి. పులి చారలు మన వేలిముద్రల్లాగే, ఒకదానివి ఇంకోదానికి ఉండవు కాబట్టి బిళ్లలు, రింగులు ఏవీ అక్కర్లేదు, ఫొటోనే గుర్తు. రెండో విడతలో 24 పడ్డాయి, వాటిలో 8 మొదటి విడతలో చూసినవే. అంటే మనకు ముందే తెలిసిన 20 పులుల్లో రెండోసారి కంటబడింది 8, నూటికి 40. రెండో విడతలో మన కెమెరాల పట్టు 40 శాతం అన్నమాట. అదే పట్టుతో 24 దొరికాయంటే మొత్తం ఎన్నుండాలి? 20 × 24 ÷ 8 = 60. మనం చూసిన వేర్వేరు పులులు 36 మాత్రమే, మిగతా 24ను ఎవరూ చూడలేదు, అయినా లెక్కలోకి వచ్చాయి. నాకైతే ఇన్నేళ్లు చెప్పాక కూడా ఇది చూస్తే ముచ్చటేస్తుంది.

కానీ ఆ 60ని పట్టుకుని పేపర్‌కి వెళ్లకూడదు. చాప్‌మన్ అనే ఆయన 1951లో దీన్ని కొంచెం సవరించాడు, అంకెలన్నిటికీ ఒకటి కలిపి చివర ఒకటి తీసేస్తాం. దాంతో మన లెక్క 57కి దిగుతుంది. దాని స్టాండర్డ్ ఎర్రర్, అంటే అంచనా అటూఇటూ ఎంత ఊగొచ్చో చెప్పే కొలత, కడితే 11 వస్తుంది, అంటే నూటికి 95 వంతుల నమ్మకంతో చెప్పాలంటే 36 నుంచి 79 దాకా ఏదైనా కావొచ్చు. 57 అని చెప్పి ఊరుకుంటే ఎంత దాచిపెట్టినట్టో చూడండి. ఇంకో సంగతి. ఆ 8 జతల్లో ఒక్క జతను మనం గుర్తుపట్టలేక వేరే పులి అనుకున్నామనుకోండి, 8 కాస్తా 7 అయింది. 20 × 24 ÷ 7 అంటే 69. ఒక్క ఫొటో దగ్గర పొరబడితే కాగితం మీద తొమ్మిది పులులు పుట్టాయి! ఫొటోలు పోల్చేవాళ్ల టెన్షన్ ఏ స్థాయిలో ఉంటుందో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

క్లాసులో దీన్ని రాజ్మా గింజలతో చేయిస్తాను. పెద్ద జాడీలో గింజలు పోసి, గుప్పెడు తీసి గుర్తు పెట్టి మళ్లీ కలిపేసి, ఇంకో గుప్పెడు తీసి చూడాలి. ఒకసారి ఒక బ్యాచ్ పిల్లలు గుర్తుకు నెయిల్ పాలిష్ వాడారు. ఆరకముందే జాడీలో పోసేశారు, గింజలు ఒకదానికొకటి అంటుకుని ఉండలు కట్టాయి. రెండో గుప్పెట్లో ఒక ఉండ మొత్తం వచ్చేసింది, గుర్తున్నవి బోలెడు కనిపించాయి, లెక్క రెండొందల చిల్లరకు పడిపోయింది. జాడీలో ఉన్నవి ఆరువందల పైనే. పక్క బెంచీ వాళ్లకు జాడీ అడుగు నుంచి తీస్తే గుర్తున్నది ఒక్కటీ రాలేదు, "సార్, సున్నాతో భాగించమంటారా?" అని నవ్వులు. ఆ సున్నా గండం దాటడానికి కూడా చాప్‌మన్ కలిపిన ఒకటి పనికొస్తుంది. ఆ రోజు వేరే పాఠమేమీ చెప్పలేదు, ఆ ఉండల మీదే గంట గడిచిపోయింది.

ఎందుకంటే అడవిలో జరిగేదీ అదే. గింజలన్నీ బాగా కలిశాయి, ప్రతి గింజకూ చేతిలో పడే అవకాశం సమానం అని ఈ పద్ధతి అనుకుంటుంది. పులుల్లో అంత సమానత్వం లేదు. తన ఇలాకాలో స్థిరపడిన మగపులి రోజూ ఒకే బాట మీద తిరుగుతుంది, కెమెరాకు పదేపదే పడుతుంది. తల్లిని వదిలి కొత్తగా చోటు వెతుక్కుంటున్న కుర్రపులి అంచుల్లో నక్కి తిరుగుతుంది, ఒక్కసారి కూడా పడకపోవచ్చు. పడేవే మళ్లీ మళ్లీ పడుతుంటే మన పట్టు చాలా బాగుందనిపిస్తుంది, అంచనా అసలు కంటే తక్కువొస్తుంది. మొదటిసారి ఫ్లాష్ వెలిగి బెదిరిన పులి ఆ బాటే మానేసిందంటే వ్యవహారం తిరగబడుతుంది, అంచనా ఎక్కువొస్తుంది. మధ్యలో ఏ పులీ చావకూడదు, కొత్తది రాకూడదు అన్న షరతు ఇంకొకటి. అందుకే కెమెరాలు నెలల తరబడి ఉంచరు, నెల రోజుల అటూఇటూలో ముగిస్తారు. 1978లో ఓటిస్, బర్న్‌హామ్, వైట్, ఆండర్సన్ అనే నలుగురు ఈ రకరకాల తేడాలకు ఒక్కో మోడల్ కట్టి పెద్ద మోనోగ్రాఫ్ రాశారు. కాలాన్ని బట్టి పట్టు మారితే ఒకటి, ఒకసారి పడ్డాక జంతువు తీరు మారితే ఒకటి, జంతువుకూ జంతువుకూ తేడా ఉంటే ఒకటి. చివరిదే అన్నిటికంటే మొండిది, ఇప్పటికీ దానిమీద పేపర్లు వస్తూనే ఉన్నాయి.

మన దేశంలో దీన్ని పులుల మీద ప్రయోగించి చూపించింది వన్యప్రాణి శాస్త్రవేత్త ఉల్లాస్ కారంత్. 1990ల్లో కర్ణాటకలోని నాగరహొళెలో కెమెరాలు పెట్టి 1995లో పేపర్ వేశారు, తర్వాత అమెరికా శాస్త్రవేత్త నికొల్స్‌తో కలిసి ఇంకొన్ని అడవులకు విస్తరించారు. పాదముద్రల పద్ధతి పనికిరాదని సరిస్కాకు చాలా ముందునుంచే చెబుతూ వచ్చింది కూడా ఆయనే. అప్పట్లో విన్నవాళ్లు తక్కువ.

కెమెరా పెట్టడం అంటే చెట్టుకు కట్టేసి వచ్చేయడం కాదు. బాటకు అటొకటి ఇటొకటి ఎదురెదురుగా రెండు పెట్టాలి, ఎందుకంటే పులికి ఎడమ పక్క చారలు వేరు, కుడి పక్క చారలు వేరు. ఒక కెమెరా బ్యాటరీ అయిపోయి ఒకచోట ఎడమ ఫొటోనే దొరికి, ఇంకోచోట కుడి ఫొటోనే దొరికితే ఆ రెండూ ఒకే పులివా కాదా చెప్పడానికి లేదు. అడవిని రెండేసి చదరపు కిలోమీటర్ల గళ్లుగా విడగొట్టి గడికో జత పెడతారు. ముందున్న గడ్డి కోసెయ్యాలి, లేకపోతే గాలికి గడ్డి ఊగినప్పుడల్లా క్లిక్కుమంటూ మెమరీ కార్డు నిండిపోతుంది. 2018లో దేశమంతటా 26,838 చోట్ల కెమెరాలు పెట్టారు, 3 కోట్ల 48 లక్షల ఫొటోలు వచ్చాయి, అందులో పులులవి 76,651. వెయ్యి ఫొటోలు తిరగేస్తే రెండు. మిగతావి దుప్పులు, పందులు, కొండముచ్చులు, కట్టెలకు వెళ్లే మనుషులు, మేకలు, ఏమీ లేని గడ్డి. ఇప్పుడు ఏ జంతువో విడదీయడానికి సాఫ్ట్‌వేర్ ఉంది, చారలు పోల్చడానికి ఇంకోటి ఉంది, చివర్లో మాత్రం మనిషి కన్ను పెట్టాల్సిందే. ఏడాది నిండని పిల్లల్ని లెక్కలోకి తీసుకోరు.

ఇంతా చేసి 60 పులులు అని తేల్చాక ఇంకో ప్రశ్న మిగులుతుంది, ఆ 60 ఎంత జాగాలో? కెమెరాలు పెట్టిన మేర గీత గీసి ఆ వైశాల్యంతో భాగిస్తే సరిపోదు. అంచున ఉన్న కెమెరాకు పడిన పులి సగం రోజులు గీత అవతల ఉండొచ్చు. చాలాకాలం గీత చుట్టూ ఒక పట్టీ కలిపి సర్దుకున్నారు, పట్టీ వెడల్పు ఎంత అన్నది సగం లెక్క, సగం ఊహ. దీనికి దారి చూపింది 2004లో న్యూజిలాండ్‌కు చెందిన ముర్రే ఎఫర్డ్, ఆ తర్వాత అమెరికాలో ఆండీ రాయిల్ వగైరా. ప్రతి జంతువుకూ ఒక నడిబొడ్డు ఉంటుంది, దానికి దగ్గరున్న కెమెరాకు ఎక్కువగా, దూరం పోయేకొద్దీ తక్కువగా పడుతుంది అని తీసుకుంటారు. ఒకే పులి ఏయే కెమెరాలకు పడిందో మన దగ్గర ఉంది కదా, ఆ చుక్కలు చూసి పట్టు దూరంతో ఎంత త్వరగా పడిపోతోందో మోడలే పట్టుకుంటుంది. గీత అవతల నడిబొడ్డు ఉన్నవి అవతలికి, ఇవతల ఉన్నవి ఇవతలికి పోతాయి. ఇప్పుడు దేశం లెక్కలు కూడా ఈ పద్ధతిలోనే కడుతున్నారు. స్టాటిస్టిక్స్ లెక్కలకు వాడే ఆర్ సాఫ్ట్‌వేర్‌లో దీనికి ప్యాకేజీ ఉచితంగా దొరుకుతుంది, ఎం.ఎస్సీ పిల్లలు ఎవరైనా ప్రాజెక్టుకు టాపిక్ వెతుక్కుంటుంటే ఇది పట్టుకోండి, కొట్టిన టాపిక్కే కొట్టకుండా.

కెమెరాలు పెట్టని అడవి సంగతేంటి అని మీకు అనుమానం రావాలి. అక్కడే పెద్ద గొడవ జరిగింది. పులి అడుగులు, గోళ్ల గీతలు, పెంటికలు ఎక్కడెక్కడ ఎన్ని కనబడ్డాయో బీటు సిబ్బంది నడిచి రాసుకుంటారు. కెమెరాలున్న చోట ఈ గుర్తులకూ పులుల సంఖ్యకూ ఉన్న సంబంధాన్ని కట్టి, దాన్ని కెమెరాల్లేని చోటికి వర్తింపజేస్తారు. 2015లో అర్జున్ గోపాలస్వామి, కారంత్ వగైరాలు దీన్ని గట్టిగా ప్రశ్నిస్తూ పేపర్ వేశారు. గుర్తులు దొరికే వంతే చోటుచోటుకూ మారుతుంటే ఆ సంబంధం మీద ఆధారపడలేమని వాళ్ల వాదన. వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియాలో ఈ లెక్కలు నడిపిన ఝాలా, ఖురేషీ దాన్ని ఖండించారు. నా మటుకు నాకు లెక్క వరకు కారంత్ పక్షమే న్యాయంగా అనిపించింది. అయితే గొడవకు అప్పుడున్నంత బరువు ఇప్పుడు లేదు. 2022లో దేశం మొత్తం అంచనా సగటున 3,682, ఎక్కువలో ఎక్కువ 3,925, తక్కువలో తక్కువ 3,167. ఇందులో విడివిడిగా ఫొటోలో గుర్తుపట్టిన పులులే 3,080. అంటే నూటికి 83కు పైగా మొహం తెలిసినవే, గుర్తుల మీద ఆధారపడిన భాగం కొద్ది. అసలు డేటా బయటివాళ్లు తిరగేసి చూసుకునేలా పెడితే మిగిలిన అనుమానాలు కూడా తీరతాయి. జనం డబ్బుతో తీసిన ఫొటోలే కదా.

పులికి చారలున్నాయి. దుప్పికి, కణితికి, అడవిపందికి ఏం చేస్తాం? దుప్పి చుక్కలు పోల్చుకుంటూ కూర్చుంటే పింఛను వయసు వచ్చేస్తుంది. వీటికి గీత మీద నడవడమే మార్గం. అడవిలో రెండు కిలోమీటర్ల చొప్పున తిన్నని గీతలు ముందే వేసి ఉంచుతారు, తెల్లవారగానే చప్పుడు చెయ్యకుండా ఆ గీత వెంట నడుస్తూ మంద కనిపించిన ప్రతిసారీ ఎన్ని ఉన్నాయి, ఎంత దూరంలో, గీతకు ఏ కోణంలో అని రాసుకోవాలి. 60 మీటర్ల దూరంలో 30 డిగ్రీల కోణంలో కనబడితే గీత నుంచి అడ్డంగా 30 మీటర్లు, పదో తరగతి సైన్ లెక్కే. గీత మీద ఉన్నదాన్ని తప్పిపోకుండా చూస్తాం, పక్కకు పోయేకొద్దీ చూడలేకపోతాం అన్నది దీని ఆధారం. గీతకు దగ్గర్లో కనబడిన మందలతో పోలిస్తే దూరాన కనబడినవి ఎంత తగ్గాయో చూస్తే మనం ఎంత వంతు పోగొట్టుకున్నామో తెలిసిపోతుంది. ఉదాహరణకు మొత్తం 50 కిలోమీటర్లు నడిచి, అటూ ఇటూ నూరేసి మీటర్లలో 40 మందలు చూశామనుకోండి. చూసిన జాగా 10 చదరపు కిలోమీటర్లు. దూరాల తీరు చూస్తే పట్టు 40 శాతమని తేలితే, ఉన్న మందలు 100, చదరపు కిలోమీటరుకు పది.

వాలంటీరుగా ఆ నడకకు నేనూ వెళ్లాను. బీటాఫీసర్, ఒక చెంచు వాచర్, నేను. ఆ వాచర్ వయసులో పెద్ద, అందరూ పెద్దాయనా అనే పిలుస్తారు. నాకు ఆకులు తప్ప ఏమీ కనబడని చోట ఆయన ఆగి వేలు చూపిస్తాడు, అప్పుడు చెవి కదిలితే తెలుస్తుంది అక్కడ దుప్పి ఉందని. ఒకచోట మంద మమ్మల్ని చూసి పక్కకు ఉరికి, కొంచెం దూరంలో ఆగి తలలెత్తి చూస్తోంది. బీటాఫీసర్ దూరం కొలిచే రేంజ్ ఫైండర్ వాటి మీద పెట్టి రీడింగ్ చెప్పబోతుంటే పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టాడు. "అవి అక్కడియ్యి కాదు సార్. ఆ మద్దిచెట్టు కింద పండుకోనుండె. మనల్ని చూసి జరిగినయ్యి." చెట్టుకు గురిపెట్టి మళ్లీ రీడింగ్ తీశాం. అంతకుముందు రోజు ట్రైనింగులో జంతువు మనల్ని చూసి కదలకముందు ఎక్కడుందో ఆ చోటే కొలవాలి అని స్లైడు చూపించారు, అందరం తలూపాం. ఉరికి ఆగిన చోటు కొలిస్తే దూరాలన్నీ పెరిగిపోతాయి, గీత పక్కన ఏమీ లేనట్టు కనిపిస్తుంది, చివరికి అంచనా తక్కువొస్తుంది. బీటాఫీసర్‌కి అది తెలియదని కాదు, కళ్లముందు జంతువు నిలబడి ఉంటే యంత్రం దానివైపే పోతుంది.

రేంజ్ ఫైండర్ లేని రోజుల్లో రాసిన షీట్లు చూస్తే ఇంకో సరదా. దూరాలన్నీ 10, 20, 30, 50. 37 మీటర్లు అని ఎవరూ రాయరు. బొమ్మ గీస్తే గుండ్రటి అంకెల దగ్గర గుట్టలు, మధ్యలో లోయలు, నల్లమలలాగే. గీత మీద సున్నా దూరం అని రాసినవి మరీ ఎక్కువైతే అసలుకే మోసం, లెక్కంతా ఆ మొదటి పట్టీ మీదే ఆధారపడుతుంది.

ఎండాకాలం పున్నమి రాత్రి నీటిగుంటల దగ్గర మంచెల మీద కూర్చుని లెక్కపెట్టే పద్ధతి కూడా ఉంది. పట్నం నుంచి వాలంటీర్లు ఉత్సాహంగా వస్తారు. మంచిదే, అడవి మీద ఇష్టం పెరుగుతుంది. లెక్కగా మాత్రం పెద్దగా విలువ లేదు. అదే ఎలుగుబంటి రెండుసార్లు వచ్చిందో రెండు ఎలుగుబంట్లు వచ్చాయో తెలియదు, పక్క గుంటకు పోయినవి తెలియవు, ఆ రాత్రి అసలు నీళ్లకు రానివి తెలియవు.

ఎలుగుబంటి, రేచుకుక్కల్లాంటి వాటికి సంఖ్య కట్టడం కంటే ఎన్ని గళ్లలో ఉన్నాయి అని చూడటం మేలు. ఇక్కడా అదే వంతు. ఒక గడిలో రేచుకుక్కలుంటే ఒక్కసారి వెళ్లినప్పుడు గుర్తు దొరికే అవకాశం సగం అనుకుందాం. మూడుసార్లు వెళ్లినా దొరకలేదు. ఉండి కూడా దొరకకపోయే అవకాశం ఇంకా ఎనిమిదో వంతుంది. మెకంజీ వగైరా 2002లో ఈ ఎనిమిదో వంతును లెక్కలో కలిపే పద్ధతి కట్టారు. మా ఊళ్లో "ఈ అడవిలో ఫలానాది లేదు, నేను చూశా" అని ఖాయంగా చెప్పేవాళ్లు ఎదురైనప్పుడల్లా, ఎన్నిసార్లు చూశారు అని అడగాలనిపిస్తుంది.

ఏనుగుల సంగతి ఈమధ్యే చూశాం. ఇన్నాళ్లూ అడవిని బ్లాకులుగా పంచుకుని ఒకే సమయంలో అందరూ తిరిగి చూసినవి కూడేవారు. ఇప్పుడు పేడ ఏరి డీఎన్ఏ తీసి ఒక్కో ఏనుగునూ గుర్తుపట్టి, పులి ఫొటోల లెక్కలాగే కట్టారు. 2025లో రిపోర్టు వచ్చింది, సగటున 22,446. పాతది, 2017లో చెప్పింది, 29,964. వెంటనే మొదలైంది ఏడు వేల ఏనుగులు మాయం అని. పద్ధతి వేరు, పాతదాంతో పోల్చకండి, ఇకనుంచి ఇదే మొదటి మెట్టు అని రిపోర్టులోనే రాశారు. చదివినవాళ్లేరీ. ఏనుగులకు ఇబ్బందుల్లేవని నేననడం లేదు, చిత్తూరు వైపు రైతుల్నీ ఏనుగుల్నీ అడిగితే చెప్తాయి. కానీ ఆ ఏడు వేలు ఎక్కడా లేని ఏడు వేలు.

ఇక టీకొట్టు దగ్గర ప్రశ్న. తెలంగాణలో 26 నుంచి 21కి తగ్గాయా? ఈసారి పద్ధతి రెండుసార్లూ దాదాపు ఒకటే కాబట్టి పోల్చడం తప్పు కాదు. కానీ అంకె చిన్నదైనప్పుడు ఒకట్రెండు పులులు అటుపక్క మహారాష్ట్రకో, కృష్ణ దాటి ఇవతలికో వెళ్లినా శాతాలు ఊగిపోతాయి. అలాంటి అంకెకు అటూఇటూ ఎంత ఉండొచ్చో చెప్పకుండా తగ్గాయని ఏడవడం, పెరిగాయని సన్మానాలు చేసుకోవడం రెండూ తొందరే. దేశం అంకెకు కింద హద్దు, పై హద్దు రిపోర్టులో స్పష్టంగా ఉంటాయి, పేపర్లోకి వచ్చేసరికి అవి రాలిపోతాయి. 2026 విడత లెక్కలు వచ్చినప్పుడు నేను ముందు వెతికేది ఆ రెండు హద్దులే, ఆ తర్వాత ఫొటోలో గుర్తుపట్టినవి ఎన్ని, మోడల్ కలిపినవి ఎన్ని అన్నది. కామెంట్లలో ఎవరైనా రిపోర్టు పేజీ నంబరుతో సహా పెడితే కూర్చుని లెక్క కట్టి చూద్దాం.